మాస్టారి ఏడో ప్రశ్న: కోతికీ కత్తెర పురుగుకూ పోలిక



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఈ సభలో చెప్పాల్సిన పనిలేదు. మనందరికీ ఆయన మాస్టారే. గోదావరి ఒడ్డు వదిలి ఢిల్లీ వచ్చి, కరోల్‌బాగ్‌లో అద్దె ఇంట్లో ఉంటూ, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు జంతుశాస్త్రం చెప్పారు. ఆయన పాఠం కన్నా ఆయన ప్రశ్నపత్రం అంటే మాకు భయం. ఒక అర్ధ సంవత్సర పరీక్షలో ఏడో ప్రశ్న ఇలా ఇచ్చారు: కోతికీ రెక్కల పురుగుకూ గల పోలికలు, తేడాలు రాయుము. పది మార్కులు. మేమంతా తేడాలే రాశాం. దానికి వెన్నెముక ఉంది, దీనికి లేదు. దానికి రెండు కాళ్ళూ రెండు చేతులూ, దీనికి ఆరు కాళ్ళు. దానిది వెచ్చని నెత్తురు, దీనిది కాదు. అందరికీ నాలుగే మార్కులు వేశారు. తేడాలు పుస్తకం చూసి రాయొచ్చు, పోలిక రాయాలంటే బయటికి వెళ్ళి ఆ రెంటినీ చూడాలి అన్నారు. అప్పుడు నేను వెళ్ళలేదు. పురుగుల శాస్త్రమే నా బతుకుతెరువు అయ్యాక కూడా చాలాకాలం ఆ ప్రశ్న జోలికి పోలేదు. ఇవాళ ఆ మిగిలిన ఆరు మార్కుల జవాబు చెబుదామని వచ్చాను.

కిందటేడు శ్రావణంలో రిడ్జ్ అడవి పక్క రోడ్డులో ఒక భుట్టా బండి దగ్గర ఆగాను. ఢిల్లీలో వానాకాలం అంటే బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, దాని మీద ఉప్పూకారం అద్ది రుద్దిన నిమ్మచెక్క. బండి అబ్బాయి పొత్తు మీది ఆకులు ఒలుస్తుంటే కొన దగ్గర గింజలు కొరికేసి, తడిసిన రంపపు పొట్టులా ఏదో కనిపించింది. "కీడా" అని ఆ పొత్తు పక్కన పడేశాడు. అలవాటు కొద్దీ వంగి చూశాను. బూడిద కలిసిన గోధుమరంగు పురుగు. తల మీద ఇంగ్లీషు వై అక్షరం తిరగేసి గీసినట్టు తెల్లటి గీత. తోక దగ్గర చతురస్రానికి నాలుగు మూలలా పెట్టినట్టు నాలుగు నల్లచుక్కలు. కత్తెర పురుగు! 2018 నుంచి మన మొక్కజొన్న రైతుకు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న పురుగు. నేను లేచేలోపే గోడ మీంచి ఒక ఎర్రమూతి కోతి దిగింది. పొత్తు అందుకుని, ముందు ఆ పురుగును రెండు వేళ్ళతో లాగి నోట్లో వేసుకుంది. తర్వాత గింజలు పళ్ళతో గోకి బుగ్గ సంచుల్లో కుక్కుకుంది. దాని పొట్టను కరుచుకుని ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల కళ్ళు తల్లి చేతుల మీదే ఉన్నాయి.

మాస్టారి ప్రశ్నలోని రెండు ప్రాణులూ ఒకే పొత్తు దగ్గర కలిశాయి. అందుకే ఇవాళ నేను పోల్చేది ఏదో ఒక కోతినీ, ఏదో ఒక పురుగునూ కాదు. ఢిల్లీ గోడల మీది ఎర్రమూతి కోతినీ, మన మొక్కజొన్న ఆకుల సుడిలోని కత్తెర పురుగునూ.

ఈ రెంటి వంశాలూ విడిపోయి యాభై కోట్ల ఏళ్ళు దాటింది. అంత దూరంలోనూ కొన్ని చుట్టరికపు గుర్తులు మిగిలే ఉన్నాయి. 1995లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఎలుకలో కన్ను కట్టించే జన్యువును తీసి పండ్ల ఈగలో పనిచేయించింది. ఈగ కాలి మీద కన్ను మొలిచింది. అది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. కన్ను కట్టమనే ఆజ్ఞ ఇద్దరికీ ఒకటే, కట్టే తీరు వేరు. కోతి విషయానికొస్తే అది మనకు మరీ దగ్గర. 2007లో దాని జన్యుపటం వెలువడినప్పుడు మనతో 93 శాతం దాకా సరిపోయింది. ఇక్కడితో ఆ లెక్కలు చాలు. మాస్టారు చూడమన్నది అది కాదు.

తల్లుల దగ్గర మొదలుపెడతాను. ఎర్రమూతి కోతి అయిదున్నర నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. పిల్ల పుట్టిన క్షణం నుంచి తల్లి పొట్టను రెండు చేతులా పట్టుకుంటుంది. మన వేదాంతులు మర్కట కిశోర న్యాయం అన్నది దీన్ని చూసే. పట్టుకునే బాధ్యత పిల్లది, గెంతే పని తల్లిది. ఆ పట్టులోనే దాని చదువంతా సాగుతుంది. ఏ ఆకు తినాలి, ఏది ఉమ్మెయ్యాలి, గుంపులో ఎవరికి దారి వదలాలి, ఏ అరుపుకు చెట్టెక్కాలి, ఇవన్నీ తల్లి పొట్ట మీంచే చూసి నేర్చుకుంటుంది. కోతుల గుంపు ఆడవాళ్ళ గుంపు. మగపిల్లలు ఎదిగి వేరే గుంపు వెతుక్కుంటూ పోతారు, ఆడపిల్లలు పుట్టింట్లోనే ఉంటారు. తల్లి హోదాయే బిడ్డ హోదా. అక్కాచెల్లెళ్ళలో పెద్దరికం చిన్నదానిదే. కడపటి కూతురు పెరిగి అక్కలందరి కంటే పైన కూర్చుంటుంది. పిల్ల చనిపోతే కొన్ని తల్లులు ఆ ఎండిన కళేబరాన్ని రోజుల తరబడి మోసుకు తిరుగుతాయి. ఆ దృశ్యం నేను ఒక్కసారే చూశాను, రైసినా కొండ దిగువన. ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

రెక్కలొచ్చిన పురుగును మన రైతులు తల్లి పురుగు అంటారు. చూడండి ఎంత గొప్ప మాటో! వ్యవసాయ శాఖ కరపత్రాల్లోనూ అదే మాట. ఈ తల్లి రాత్రిపూట మొక్కజొన్న ఆకు మీద వంద నుంచి రెండొందల గుడ్లు పొరలు పొరలుగా పెడుతుంది. జీవితకాలంలో మొత్తం వెయ్యి, పదిహేను వందల గుడ్లు. పెట్టి ఊరుకోదు. తన ఒంటి మీది పొలుసులనే నూగులా రాల్చి ఆ గుడ్ల మీద దుప్పటి కప్పుతుంది. గుడ్ల కుప్ప మీద బూజు పట్టినట్టు కనిపించేది అదే. నేను మొదటిసారి భూతద్దంలో ఆ దుప్పటి చూసినప్పుడు, కొడుకు కోసం తన పాత చీరతో బొంత కుట్టిన మా అమ్మ గుర్తొచ్చింది. పది పన్నెండు రోజుల్లో ఆ తల్లి చచ్చిపోతుంది. పెట్టిన రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలకు తల్లి ముఖం తెలియదు. సన్నటి దారం వదిలి గాలికి వేలాడి పక్క మొక్కల మీదికి కొట్టుకుపోతాయి. ఒక సుడిలో రెండు మూడు చేరితే పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది. కాబట్టి చివరికి సుడికి ఒక్కటే మిగులుతుంది. ఆరు దశలు పెరిగి, నేలలోకి దిగి, గూడు కట్టుకుని, నెల తిరిగేసరికి మళ్ళీ రెక్కలతో పైకి వస్తుంది.

ఒక తల్లి ఒక్క బిడ్డను కని అంతా నేర్పుతుంది. ఇంకో తల్లి వెయ్యి మందిని కని ఏమీ నేర్పకుండా పోతుంది. నా జవాబు మొత్తం ఈ తేడాలోంచే పుట్టింది. కోతి తన ఒక్క జన్మలో నేర్చుకుంటుంది. పురుగు తరాలలో నేర్చుకుంటుంది. మనం వాటితో చేస్తున్న యుద్ధంలో ఈ సంగతి మరిచిపోయాం. అందుకే రెండు చోట్లా ఓడిపోతున్నాం.

ముందు ఢిల్లీ సంగతి. 2007 అక్టోబరులో నగర డిప్యూటీ మేయర్ ఎస్.ఎస్. బజ్వా తన ఇంటి డాబా మీద కోతులు మీదికి రాగా కిందపడి మరణించారు. ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు కోతులను పట్టి నగరానికి దక్షిణాన ఉన్న ఆసోలా భాటీ అభయారణ్యానికి తరలించమంది. ఆసోలా అంటే చాలామందికి అడవి అని మాత్రమే తెలుసు. అందులో భాటీ భాగం ఒకప్పుడు బదర్‌పూర్ ఇసుక తవ్విన గనుల నేల. ఢిల్లీ ఇళ్ళ గోడలకు ఇసుక ఇచ్చి గుంతలు మిగుల్చుకున్న చోటు. వేల కోతులను బోనుల్లో తెచ్చి అక్కడ వదిలారు. గోడ కట్టారు, నునుపైన రేకులు బిగించారు. కోతులు దాటే దారి కనిపెట్టి ఛతర్‌పూర్, సంగం విహార్, ఇటు ఫరీదాబాద్ వైపు ఇళ్ళ మీదికి వచ్చాయి.

అంతకుముందు నుంచే ప్రభుత్వ భవనాల దగ్గర కొండముచ్చులను తిప్పేవారు. ఉద్యోగిలా పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయే కొండముచ్చు, గొలుసు పట్టుకున్న మనిషి. కొండముచ్చును చూస్తే కోతి పారిపోతుంది. అయితే కొండముచ్చు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జంతువు. దాన్ని గొలుసుతో కట్టి పని చేయించడం నేరమని పర్యావరణ మంత్రిత్వశాఖ గుర్తుచేశాక ఆ ఏర్పాటు ఆగింది. దాని బదులు మనుషులు వచ్చారు. 2014 జూలై చివర్లో అప్పటి పట్టణాభివృద్ధి మంత్రి, మన వెంకయ్యనాయుడు గారు, రాజ్యసభకు ఇచ్చిన జవాబులో కొండముచ్చులా అరవగలిగే నలభై మందిని న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ పనిలో పెట్టుకుందని చెప్పారు. నాలుగేళ్ళ తర్వాత ఆయనే సభాధ్యక్ష స్థానంలో కూర్చుని, ఒక సభ్యుడు కోతుల బెడద ఎత్తితే, ఉపరాష్ట్రపతి నివాసంలో తమకూ అదే బాధ ఉందన్నారు. 2023 సెప్టెంబరులో జీ20 సభలకు దేశాధినేతలు వచ్చినప్పుడు రోడ్ల పక్కన అట్ట మీద అచ్చేసిన కొండముచ్చు బొమ్మలు నిలబెట్టారు.

ఆ అరిచే కుర్రాళ్ళ పనిని నేను గౌరవిస్తాను. ఎండలో, వానలో నాలుగైదు రకాల అరుపులు గొంతులోంచి తీసే నేర్పు అది. ఒక కుర్రాడు నాకు చేసి చూపించాడు. మొదట గొంతు లోపల చిన్న దగ్గు లాంటిది, ఆపైన కొండ పగిలినట్టు ఒక కేక. నా ఒళ్ళు జలదరించింది. కానీ అతనే చెప్పాడు, ఒకే చోట నాలుగు రోజులు అరిస్తే అయిదో రోజు కోతులు కదలవని. అట్ట బొమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని భుజం మీదే కోతి కూర్చుని పేలు ఏరుకుంటుంది. కోతికి మోసం ఒకసారి తెలిస్తే గుంపుకంతా తెలిసినట్టే. గుంపుకు తెలిసింది పొట్టను పట్టుకున్న పిల్లకు తెలిసినట్టే. సిద్దిపేట జిల్లాలో ఒక రైతు 2021లో మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి కూలి ఇచ్చి చేలో తిప్పాడు. ఆ రైతు ఆవేదనకు చేతులెత్తి మొక్కుతాను. అదే సమయంలో ఆ వేషానికీ వయసు ఎక్కువ ఉండదని నాకు తెలుసు.

ఇక పురుగు. కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో కర్ణాటకలో శివమొగ్గ మొక్కజొన్న చేలల్లో దొరికింది, ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాలకు వచ్చింది. 2019లో చైనా, 2020లో ఆస్ట్రేలియా. ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు గాలిలో పోగల ప్రాణికి సరిహద్దులేముంటాయి? 350కి పైగా మొక్కల మీద బతకగలదు. దీన్నీ మనం మోసమే చేస్తున్నాం. ఆడపురుగు వాసనను రసాయనంగా తయారుచేసి లింగాకర్షక బుట్టల్లో పెడితే మగపురుగులు వచ్చి పడతాయి. ఆ మగపురుగు పాఠం నేర్చుకోదు. నేర్చుకునేందుకు బతకదు.

కానీ దాని జాతి నేర్చుకుంటుంది. ప్యూర్టోరికో దీవిలో ఈ పురుగును చంపే విషం తనలోనే ఉన్న బీటీ మొక్కజొన్న వేశారు. 2006 నాటికి, అంటే మూడు నాలుగేళ్ళకే, ఆ విషం పనిచేయడం మానేసింది. వెయ్యి పిల్లల్లో ఒక్కదానికి ఆ విషాన్ని తట్టుకునే గుణం ఉంటే చాలు. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ చచ్చి ఆ ఒక్కదానికి చేను ఖాళీ చేసి ఇస్తాయి. దీని దూరపు చుట్టం శనగపచ్చ పురుగు 1987లో మన కోస్తా జిల్లాల పత్తిలో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులను ఇలాగే దాటింది. గులాబీరంగు పురుగు బీటీ పత్తిని దాటింది. 1987 నాటి ఆ రోజుల్లో గుంటూరు, ప్రకాశం రైతుల ఇళ్ళల్లో ఏం జరిగిందో ఈ సభలో కొందరికి సొంత అనుభవం. మందు పనిచేయకపోతే మోతాదు పెంచారు, అప్పు పెంచారు. పురుగు ఏం నేర్చుకుంటోందో వాళ్ళకు చెప్పాల్సిన చదువుకున్నవాళ్ళం మేము. మేము సమయానికి చెప్పలేదు. ఈ మాట ఎప్పటికైనా ఒక సభలో పైకి అనాలనుకున్నాను. అన్నాను.

కోతి పాఠం తల్లి నుంచి బిడ్డకు చూపుతో పోతుంది. పురుగు పాఠం చావు ద్వారా గుడ్డులోకి పోతుంది. మాస్టారి ఏడో ప్రశ్నకు నాకు దొరికిన మొదటి నిజమైన పోలిక ఇది. ఇద్దరూ మన విద్యార్థులే, పాఠాలు చెబుతున్నది మనమే.

రెండో పోలిక మన భుజం మీద ఉంది. 1950లలో పోలియో టీకా కోసం మన దేశం ఏటా లక్ష పైబడి ఎర్రమూతి కోతులను ఎగుమతి చేసింది. సాల్క్ టీకాను పెంచింది కోతి మూత్రపిండ కణాల మీద. ఉత్తరాది పల్లెల్లో కోతుల గుంపులు తరిగిపోయాయి. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. మన నెత్తురు పరీక్షలో పాజిటివ్, నెగెటివ్ ముందు ఉండే ఆర్‌హెచ్ అన్న రెండక్షరాలు కూడా 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ ఈ కోతి ఇంగ్లీషు పేరు నుంచి తీసుకున్నవే. కరోనా కాలంలో హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌ను మనుషులకు ఇచ్చేముందు పరీక్షించింది ఇరవై ఎర్రమూతి కోతుల మీద. ఆ టీకాలోని వైరస్‌ను పెంచింది వీరో కణాల్లో. 1962లో జపాన్‌లో ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి వేరుచేసిన కణాలు అవి.

మరి పురుగో? పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన కోవోవాక్స్‌కు 2021 డిసెంబరు చివర్లో మన దేశంలో అనుమతి వచ్చింది. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మన పిల్లలు కొందరు అదే టీకాను నోవావాక్స్ పేరుతో వేయించుకున్నారు. అందులోని ప్రోటీన్‌ను తయారుచేసే కణాలు కత్తెర పురుగువి. 1970లలో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో ఈ పురుగు ప్యూపా అండాశయం నుంచి తీసిన కణాల సంతతి, నేటికీ గాజు పాత్రల్లో విభజన చెందుతూనే ఉంది. ఆ కణాల్లోకి జన్యువును మోసుకెళ్ళేది బాక్యులో వైరస్. లద్దె పురుగులకు జబ్బు చేసి చంపే వైరస్ కుటుంబం అది. మన రైతు చేలో చల్లే ఎన్.పి.వి. ద్రావణం ఆ కుటుంబానిదే. పురుగుకు చావైన రోగాన్ని మనిషికి మందు చేసుకున్నాం. ఎవరి చేనును తినేసిందో ఆ రైతు మనవడి ప్రాణానికి ఆ పురుగు కణమే కాపలా కాసింది. మా మాస్టారు ఈ సంగతి వినకుండా పోయారు. విని ఉంటే నాకు ఇంకో రెండు మార్కులు కలిపేవారు.

మన వాఙ్మయం ఈ ఇద్దరి మీదా తీర్పులు ఎప్పుడో చెప్పేసింది. నిలకడ లేనివాడిది కోతి బుద్ధి. ఆశపడి చచ్చేవాడు దీపం మీద పడిన పురుగు. భగవద్గీత పదకొండో అధ్యాయంలో ఆ ఉపమానం ఉంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల్లో ఒకటిగా ఈ పతంగాన్నే చెప్పాడు, రూపం మీద మోజు చేటని దాన్ని చూసి నేర్చుకున్నానన్నాడు. అంత గొప్ప దృష్టాంతానికి నమస్కరిస్తూనే పురుగు తరఫున ఒక మాట చెప్పాలి. అది మోజు పడి రాదు. 2024 జనవరిలో శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధీ, వారి సహచరులు ప్రచురించిన పరిశోధన ఇది. ఎగిరే పురుగుకు ఏది పైన, ఏది కింద అన్నది తెలిసేది వెలుగు వల్ల. ఆకాశం ఎప్పుడూ నేల కన్నా వెలుగుగా ఉంటుంది కాబట్టి వీపును వెలుగు వైపు తిప్పుకుని ఎగురుతుంది. మనం కింద దీపం పెడితే దానికి ఆకాశం కిందికి వచ్చేస్తుంది. వీపును దీపానికి తిప్పుతూ, తిప్పుతూ, అక్కడే చుట్టూ తిరిగి అలసి పడిపోతుంది. వేగంగా తీసిన కెమెరా చిత్రాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. దీపం దగ్గర పడి చచ్చిన పురుగు ఆశపోతు కాదు, దారి తప్పిన బాటసారి.

కోతి బుద్ధీ అంతే. రిడ్జ్ రోడ్డు పక్క గోడ మీద కూర్చుని కారు అద్దంలోకి చెయ్యి చాపే కోతిది చపలత్వం కాదు. మూడు తరాలుగా మంగళవారం, శనివారం ఆ రోడ్డులో కార్లు ఆగి అరటిపళ్ళు, శనగలు, రొట్టెలు పంచాయి. అడవిలో రోజంతా తిరిగితే దొరికే తిండి అక్కడ పది నిమిషాల్లో దొరికింది. అది తెలివిగా లెక్క వేసుకుంది. నేనూ ఢిల్లీ వచ్చిన కొత్తలో ఉద్యోగం రావాలని మొక్కుకుని, ఉద్యోగం వచ్చాక డజను పళ్ళు తీసుకెళ్ళి ఆ గోడ మీద పెట్టినవాణ్ణే.

కత్తెర పురుగుకు మన రైతు పెట్టే విషపు ఎర ఎలా చేస్తారో తెలుసా? తవుడులో బెల్లపు నీళ్ళు కలిపి, రాత్రంతా నానబెట్టి, పులిసిన వాసన వచ్చాక మందు కలిపి ఉండలు చేసి సుడిలో వేస్తారు. తీపికి పురుగు వస్తుంది. రిడ్జ్ రోడ్డులో మనం పెట్టే అరటిపండులో మందు లేదు, భక్తి ఉంది. అయినా అదీ ఎరే. దాని వెంట అడవి దాటి వచ్చిన కోతి కారు కింద పడుతుంది, కరెంటు తీగ మీద కాలిపోతుంది, పిల్లవాణ్ణి కరిచి బోనులో పడుతుంది. 2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణతో ఎర్రమూతి కోతిని రక్షణ జాబితాల నుంచే తీసేశారు. హనుమంతుడి స్వరూపమని దండం పెట్టిన దేశంలో ఆ సవరణతో దానికి చట్టం అండ కూడా పోయింది.

మన ఊళ్ళలోనూ ఇదే కథ. తెలంగాణలో కోతుల భయానికి పల్లీ, కూరగాయలు వేయడం మానుకున్న గ్రామాలు ఎన్నో. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం తెరిచారు. హిమాచల్ తర్వాత దేశంలో అది రెండోది. పల్లెల్లో కోతుల కోసం పండ్ల చెట్లు పెంచి వాటికి మంకీ ఫుడ్ కోర్టులని పేరు పెట్టారు. ఈ ఉత్తరాది ఎర్రమూతి కోతి గోదావరి దాటి దక్షిణానికి జరుగుతూ, నెత్తి మీద టోపీ పెట్టినట్టు జుట్టుండే మన పొడుగుతోక కోతి చోటును ఆక్రమిస్తోందని శాస్త్రవేత్తలు 2011లోనే రాశారు. మనుషులు లారీల్లో తెచ్చి వదలడం కూడా అందుకు ఒక కారణం. మొక్కజొన్న వేసిన రైతుకు మొలకెత్తిన నెలలో సుడిలో పురుగు, గింజ పాలు పోసుకున్న నెలలో కంకి మీద కోతి. ఇద్దరికీ విందు పరిచింది ఒకటే, ఎకరాల తరబడి ఒకే పంట. పొలం గట్టున కంది, అలసంద, చుట్టూ నాలుగు వరసల నేపియర్ గడ్డి వేస్తే పరాన్నజీవి కందిరీగలు నిలుస్తాయి, తల్లి పురుగు గడ్డి మీద గుడ్లు పెట్టి పోతుంది. మొదటి నెలలో సుడిలో ఇసుక, సున్నం కలిపి వేస్తే చిన్న పురుగు ఒరుసుకుని చస్తుంది. ఇసుకను తట్టుకోవడం విషాన్ని తట్టుకున్నంత సులువు కాదు. నా వృత్తి జీవితమంతా చూసి చెబుతున్నాను, పురుగుకు నేర్పకూడని పాఠం నేర్పకుండా పంట దక్కించుకునే దారి ఇదే. కోతికీ అంతే. బోనూ, కేకా, అట్ట బొమ్మా కన్నా ముందు చేతిలోని అరటిపండు ఆగాలి, వీధి చివర చెత్తకుప్ప మూత పడాలి, రిడ్జ్ లోపల విలాయతీ కీకర్ ముళ్ళచెట్లు తీసి రేగు, నేరేడు, మేడి పెరగాలి.

ఆసోలాలోనే ఒక రాత్రి గడిపాను. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళ కేంద్రం అక్కడుంది. రెండు చెట్ల మధ్య తెల్లటి దుప్పటి కట్టి దీపం వెలిగించారు. ఎనిమిదింటికి రెండు మూడు, పదింటికి వంద. ఒకటి ఎండుటాకు, ఒకటి పిట్ట రెట్ట, ఒకటి బంగారు రేకు. 2021లో శాస్త్రవేత్తలు పూసా కీటకాల మ్యూజియంలో దాచిన పాత నమూనాలనూ కొత్త సర్వేలనూ కలిపి ఢిల్లీలో 338 జాతుల రెక్కల పురుగులున్నాయని లెక్క తేల్చారు. అందులో పంటకు చేటు చేసేవి ఏవో కొన్ని. మిగతావి రాత్రి పూలకు పుప్పొడి మోసేవీ, గబ్బిలాలకూ పిట్టపిల్లలకూ తిండి అయ్యేవీ. పదకొండింటికి దీపం ఆర్పేశారు, అవి మళ్ళీ ఎగిరిపోవాలని. చీకట్లో మా తల మీద చెట్టుకొమ్మల్లో కదలిక వినిపించింది. నగరం నుంచి పట్టి తెచ్చిన కోతుల సంతానం, తల్లుల పొట్టలను కరుచుకుని నిద్రపోతోంది. ఒకే చెట్టు, కింద పురుగులు, పైన కోతులు. మాస్టారి ప్రశ్నపత్రం నా ఎదురుగా తెరిచి పెట్టినట్టే ఉంది.

ఢిల్లీలో, నోయిడాలో, గుడ్‌గావ్‌లో ఉన్న మన తెలుగువాళ్ళను ఒకటి అడుగుతున్నాను. వచ్చే మంగళవారం రిడ్జ్ రోడ్డులో కారు ఆపకండి. ఆ పళ్ళు గుడి మెట్ల మీద కూర్చున్న మనుషులకు ఇవ్వండి. డాబా మీద ఎవరూ లేనప్పుడు లైటు ఆపేయండి. ఏటా జూలై ఆఖరి వారం ప్రపంచమంతటా రెక్కల పురుగుల వారం జరుపుతారు. ఈసారి ఆ వారంలో మాస్టారి పేరిట ఉన్న నిధి తరఫున పదిహేను మంది పిల్లలను ఆసోలా తీసుకెళ్దామని నిర్ణయించాం. దుప్పటి, దీపం, భూతద్దాలు నేను తెస్తాను. పిల్లలను మీరు పంపండి.